వాల్వుకు తోడు

నా బల్ల మీద ఒక వాల్వు యాంప్లిఫయర్ ఉంది. హెడ్‌ఫోన్స్ కోసం చేసిన చిన్న యంత్రం. దాని మీద నాకు ఏ అసంతృప్తీ లేదు. అయినా దానికి తోడుగా ఒక సాలిడ్ స్టేట్ యాంప్లిఫయర్, అంటే వాల్వుల బదులు ట్రాన్సిస్టర్లతో, చిప్పులతో నడిచేది ఒకటి కొనాలనుకున్నాను. కొనే ముందు చాలాకాలం ఆలోచించాను. తెలిసినవాళ్ళను అడిగితే ఒక్కటే సలహా ఇచ్చారు: వాల్వులాగే వెచ్చగా వినిపించే సాలిడ్ స్టేట్ చూసుకోమని. ఎంత ఆలోచించినా ఆ సలహా నాకు ఎక్కలేదు. ఉన్నదానిలాగే ఉండేది ఇంకొకటి ఎందుకు? మొదటిది చెయ్యలేని పని చేసేదే దానికి తోడు. వినడానికి చిన్న మాటే. ఆ మాట పట్టుకుని వెళ్తే మన పాత పాటల్ని మనం ఏం వింటున్నాం, ఏం విన్నామనుకుంటున్నాం అనే దాకా వెళ్ళాల్సి వచ్చింది.

మేముండేది మెల్బోర్న్ పడమటి శివారులో. తెలుగువాళ్ళు ఎక్కువగా ఇళ్ళు కట్టుకున్న వైపు. ఇల్లూ ఇల్లూ దగ్గర దగ్గరగా ఉంటాయి, గోడలు పల్చన. విక్టోరియా రాష్ట్రంలో సోమవారం నుంచి గురువారం దాకా రాత్రి 10 దాటాక పక్కింటి గదుల్లోకి వినబడేలా పాటలు పెట్టకూడదని నిబంధన ఉంది. పిల్లలు పడుకుని, వంటిల్లు సర్దుకుని, ఇండియాకు ఫోన్లు చేసి, తీరికగా కూర్చునేసరికి ఆ వేళ దాటిపోతుంది. అందుకే ఇక్కడ మాలాంటివాళ్ళకు సంగీతమంటే హెడ్‌ఫోన్స్. మామూలు వినికిడికి ఫోనులో ఉండే యాంప్లిఫయరే చాలు. 300 ఓమ్‌ల హెడ్‌ఫోన్స్ కొనుక్కున్నాక, ఘంటసాల గొంతులోని బరువు పూర్తిగా చెవికి అందాలనుకున్నాక, విడిగా యాంప్లిఫయర్ కావాలనిపిస్తుంది.

నా వాల్వు యంత్రంలో ఉన్నవి రెండే గాజు బుడ్లు. ముందున్న చిన్నది 12ఏయూ7. వెనకున్న లావుపాటిది 6080. స్విచ్చి వేసిన అరనిమిషానికి వాటి లోపల సన్నటి నారింజ రంగు వెలుగు పుడుతుంది. ఆ 6080 లోపలి హీటరు ఒక్కటే 6.3 వోల్టుల దగ్గర 2.5 ఆంపియర్లు తీసుకుంటుంది. అంటే ఒక్క స్వరం కూడా పలకకముందే దాదాపు 16 వాట్లు వేడి కిందే పోతుంది. జులై చలిలో ఆ వేడి హాయిగా ఉంటుంది. వేసవి సంగతి వేరు. 2009 ఫిబ్రవరి 7న మెల్బోర్న్‌లో 46.4 డిగ్రీలు నమోదైంది. 2020 జనవరి 4న సిడ్నీ పడమర పెన్రిత్‌లో 48.9 డిగ్రీలు. అంత దూరం వెళ్ళకపోయినా, 40 దాటిన రోజున తలుపులు బిడాయించుకున్న గదిలో చెవులకు మెత్తలు తగిలించుకుని, పక్కన కాలే గాజుబుడ్డి పెట్టుకుని కూర్చోవడం కష్టం. సాలిడ్ స్టేట్ కావాలనడానికి ఈ దేశం ఇచ్చిన మొదటి కారణం ఇదే.

అయితే వాల్వుల విద్యలో ఆస్ట్రేలియాది చిన్న చెయ్యి కాదు. సిడ్నీలోని అమాల్గమేటెడ్ వైర్‌లెస్ వాల్వ్ కంపెనీ యాష్‌ఫీల్డ్‌లో రేడియో వాల్వులు తయారుచేసేది. ఆ కంపెనీ 1934లో వేసిన ‘రేడియోట్రాన్ డిజైనర్స్ హ్యాండ్‌బుక్’కు ఎఫ్. లాంగ్‌ఫర్డ్-స్మిత్ సంపాదకుడు. 1952లో నాలుగో కూర్పు వచ్చేసరికి అది దాదాపు 1500 పేజీల గ్రంథమైంది. వాల్వులతో యాంప్లిఫయర్ కట్టాలనుకునే ఇంజనీర్లు ఏ ఖండంలో ఉన్నా ఇప్పటికీ ఆ పుస్తకం తిరగేస్తారు. 1982లో పుట్టిన హిస్టారికల్ రేడియో సొసైటీ ఆఫ్ ఆస్ట్రేలియా తన సభ్యుల కోసం పాత వాల్వుల నిలవను ఇప్పటికీ కాపాడుతోంది. ‘సిలికాన్ చిప్’ పత్రిక 2014 చివర ఇంట్లో కట్టుకునేందుకు ఒక వాల్వు యాంప్లిఫయర్ నమూనా ప్రచురించి, దానికి ఇక్కడి పక్షి కరావాంగ్ పేరు పెట్టింది. వాల్వును ప్రేమించేవాడు ఈ దేశంలో ఒంటరివాడు కాడు. అందువల్ల నా ఎంపిక వాల్వుకు వ్యతిరేకంగా చేసింది కాదు. వాల్వు ఏం చేస్తోందో తెలుసుకోవడానికి చేసింది.

వాల్వు చేసే పనులు ముఖ్యంగా రెండు. మొదటిది దాని అవుట్‌పుట్ ఇంపీడెన్స్ వల్ల, అంటే కరెంటుకు అది లోపల చూపే అడ్డు వల్ల, జరుగుతుంది. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా 6080తో కట్టిన ఇలాంటి యంత్రాల్లో అది 120 ఓమ్‌ల దాకా ఉంటుంది. నా హెడ్‌ఫోన్స్ పేరుకు 300 ఓమ్‌లు. కానీ 100 హెర్ట్జ్ చుట్టుపక్కల, వాటిలోని పల్చటి పొర సహజంగా ఊగే చోట, వాటి ఇంపీడెన్స్ 500 దాకా పెరుగుతుంది. లెక్క కడితే మిగతా స్వరాలకు యాంప్లిఫయర్ వోల్టేజిలో 71 శాతం అందుతుంటే ఆ ఒక్క చోట 80 శాతం అందుతుంది. తేడా ఒక డెసిబెల్. కాగితం మీద చిన్నదే, చెవికి మాత్రం తెలుస్తుంది. మృదంగంలో తొప్పి కాస్త నిండుగా పలుకుతుంది. మగ గొంతు కింది స్థాయిలో కాస్త ఛాతీ విప్పుతుంది. చాలామంది వాల్వు వెచ్చదనం అనేదానిలో ఒక భాగం ఈ కూడికే.

రెండోది ఉపస్వరాల పని. ఇలాంటి వాల్వు యాంప్లిఫయర్ తనలోకి వచ్చిన స్వరానికి దాని రెట్టింపు స్వరాన్ని కొద్దిగా కలుపుతుంది. షడ్జమం ఇస్తే పై షడ్జమం పిసరంత తోడవుతుంది. మూడో ఉపస్వరం పై పంచమం. అది ఇంకా తక్కువ. ఇవి అసలు స్వరంతో కలిసిపోయేవి కాబట్టి చెవి వాటిని తప్పుగా లెక్కవెయ్యదు, నిండుదనంగా తీసుకుంటుంది. అసలు మన సంగీతం ఉపస్వరాల విలువ ఎప్పుడో గుర్తించింది. తంబురా బ్రిడ్జి మీద తంతి కింద చిన్న నూలుపోగు దూరుస్తారు. జీవాళి అంటారు దాన్ని. అది సరైన చోట కుదరగానే తంతిలో దాగిన ఉపస్వరాలు విచ్చుకుంటాయి. మంద్ర షడ్జమం తంతి మీటితే, ఎవరూ మీటని అంతర గాంధారం దానంతటదే వినిపిస్తుంది. అయిదో ఉపస్వరం అది. పెద్దలు దాన్ని స్వయంభువు అన్నారు. వాల్వును ఇష్టపడే తెలుగు చెవి ఈ తంబురా దగ్గర పెరిగిన చెవే.

కానీ ఇక్కడ ఒక తేడా ఉంది. తంబురా తన గాంధారాన్ని గాయకుడి పక్కన పెడుతుంది. వాల్వు తన ఉపస్వరాన్ని గాయకుడి గొంతులోనే పెడుతుంది. ఒక్క గొంతు, ఒక్క వేణువు ఉన్నప్పుడు దానివల్ల నష్టం లేదు. రెండు స్వరాలు కలిసి వచ్చినప్పుడు చిక్కు. ఒక వాద్యం 300 హెర్ట్జ్ షడ్జమం, ఇంకొకటి 400 హెర్ట్జ్ శుద్ధ మధ్యమం పలికాయనుకుందాం. ఆ రెంటినీ కలిపి పంపితే, రెట్టింపులు చేసే గుణమే వాటి తేడాను, మొత్తాన్ని కూడా పుట్టిస్తుంది: 100, 700. 100 అనుమంద్రంలోని మధ్యమమే, సర్దుకుపోతుంది. 700 మాత్రం పై స్థాయిలో చతుశ్రుతి రిషభానికీ సాధారణ గాంధారానికీ మధ్య ఎక్కడో పడుతుంది. ఏ మేళకర్తలోనూ దానికి చోటు లేదు. మంచి వాల్వు యంత్రంలో ఇదంతా అతి చిన్న పాలు. మామూలు చప్పుడులో అసలు స్వరం నూటికి నూరు ఉంటే ఇలా కలిసేది ఒకటికి లోపే. అయినా ముప్పై వయొలిన్లు, కోరసు, డోలు, తాళాలు కలిసిన సినిమా పాటలో ఈ చిన్న పాళ్ళన్నీ చేరి ఒక పల్చటి మంచుతెర అవుతాయి. ఒక్క గొంతును అందంగా చేసిన గుణమే వందమంది వాద్యబృందాన్ని అలుక్కుపోయేలా చేస్తుంది. వాల్వుకు తోడు కావాలనడానికి సంగీతం ఇచ్చిన కారణం ఇది.

ఇక మూడో కారణం. నా మట్టుకు అన్నిటికంటే పెద్దది. పాత పాటలు పాత యంత్రం మీదే వినాలని చాలామంది నమ్మకం. ఆ నమ్మకాన్ని ఒకసారి తిరగేసి చూడాలి. 1957లో వచ్చిన ‘మాయాబజార్’ పాటల్నే తీసుకోండి. బెల్ లాబ్స్‌లో ట్రాన్సిస్టర్ పుట్టింది 1947 డిసెంబరులో. పదేళ్ళ తర్వాత కూడా మద్రాసు స్టూడియోల్లో మైకు యాంప్లిఫయర్లు, రికార్డింగు యంత్రాలు వాల్వులతోనే నడుస్తున్నాయి. ఘంటసాల, పి. లీల గొంతులు మనదాకా రాకముందే ఎన్నో వాల్వుల గుండా నడిచి వచ్చాయి. వాల్వు చెయ్యగలిగిన మేలంతా ఆ పాటకు పుట్టుకలోనే జరిగిపోయింది. ఇక్కడ నేను నా 6080తో ఇంకో పూత పూస్తే మద్రాసు వాల్వులకూ నా బల్ల మీది వాల్వుకూ తేడా తెలియకుండా పోతుంది. ఆనాటి వాల్వును వినాలంటే ఈనాటి వాల్వు అడ్డు తప్పుకోవాలి. పాత పాటకు కావలసింది ఏమీ కలపని యంత్రం.

మరి మా తాతగారింటి వాల్వు రేడియోలో విన్న తీపి సంగతేమిటని అడగొచ్చు. విజయవాడ రేడియో కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. ఆ తర్వాత రెండు మూడు దశాబ్దాల పాటు కోస్తా ఇళ్ళలో పాటంటే మీడియం వేవ్ మీద వచ్చిన పాటే. మీడియం వేవ్ ప్రసారంలో, ఆ సెట్లలో పై స్వరాలు చాలావరకు తెగిపోయేవి. నాలుగైదు కిలోహెర్ట్జ్ పైన పెద్దగా ఏమీ మిగలదు. దానికి చెక్కపెట్టె గుమ్మటం తోడు. ఆ పెట్టెలో ఒకే ఒక్క స్పీకరు. మనకు గుర్తున్న మెత్తదనంలో వాల్వు వాటా కొంతే. మిగతాది ప్రసారానిది, పెట్టెది, వరండాది, పక్కన కూర్చున్నవాళ్ళది. నేను దాన్ని తక్కువ చెయ్యడం లేదు. ఆ మెత్తదనంలోనే నేను తెలుగు పాటను ప్రేమించడం నేర్చుకున్నాను. కానీ అది పాట నాకు చేరిన తీరు. పాట పాడిన తీరు ఇంకొకటి ఉంది. రెండూ నాకు కావాలి. ఒక్క యంత్రం రెండూ ఇవ్వలేదు.

ఇంత తేలాక ఎంపిక సులువైంది. నా వాల్వుకు అన్ని విధాలా ఎదురుగా నిలిచేది కావాలి. మొదట చూసింది అవుట్‌పుట్ ఇంపీడెన్స్. హెడ్‌ఫోన్స్ ఇంపీడెన్స్‌లో ఎనిమిదో వంతుకు మించకూడదన్నది బాగా వాడుకలో ఉన్న సూత్రం. 32 ఓమ్‌ల హెడ్‌ఫోన్స్‌కు అది 4 ఓమ్‌లు. నేను ఒక ఓమ్‌కు లోపు ఉన్నవే చూశాను. రెండోది కరెంటు. 40 మిల్లీవాట్ల శక్తి 300 ఓమ్‌ల హెడ్‌ఫోన్స్‌కు ఇవ్వాలంటే సుమారు మూడున్నర వోల్టులు, 11.5 మిల్లీ ఆంపియర్లు చాలు. అదే శక్తి 32 ఓమ్‌ల దానికి ఇవ్వాలంటే వోల్టులు ఒకటికి కాస్త పైన సరిపోతాయి కానీ కరెంటు 35 మిల్లీ ఆంపియర్లు కావాలి, మూడింతలు. వాల్వుకు వోల్టేజి ఇవ్వడం తేలిక, కరెంటు ఇవ్వడం కష్టం. ట్రాన్సిస్టర్‌కు కరెంటు పెద్ద సమస్య కాదు. పైగా 120 ఓమ్‌ల యంత్రానికి 32 ఓమ్‌ల హెడ్‌ఫోన్స్ తగిలిస్తే వోల్టేజిలో అయిదో వంతే చెవిదాకా వస్తుంది. మిగతాది లోపలే పోతుంది. ఈ రోజుల్లో ప్లానర్ మాగ్నెటిక్ హెడ్‌ఫోన్స్ చాలావరకు ఇలాంటి తక్కువ ఓమ్‌లవే. వాటి దారి వేరుగా ఉండడమే మేలు.

మూడోది ఇంటి కరెంటు. ఆస్ట్రేలియాలో 230 వోల్టులు, 50 హెర్ట్జ్. మన దేశంలోనూ అంతే. హైదరాబాదు నుంచి తెచ్చుకున్న యంత్రానికి ఇక్కడ ప్లగ్గు మారిస్తే చాలు. అమెరికా నుంచి తెప్పిస్తే మాత్రం వెనక పలక మీద ఏ వోల్టేజి అని రాసి ఉందో చూసుకోవాలి. 120 వోల్టులకు కట్టిన ట్రాన్స్‌ఫార్మర్‌ను 230కి తగిలిస్తే కాలిపోతుంది. చిన్న యంత్రాలకు విడిగా వచ్చే అడాప్టర్ విషయంలో ఇది మరీ ముఖ్యం.

చివరికి రెండు మార్గాలు నా ముందు నిలిచాయి. ఒకటి మెల్బోర్న్‌దే. 1996 నుంచి ఇక్కడే ఉన్న బర్సన్ ఆడియో విడివిడి ట్రాన్సిస్టర్లతో, క్లాస్ ఏ పద్ధతిలో కట్టే హెడ్‌ఫోన్ యాంప్లిఫయర్లకు ప్రపంచమంతటా పేరుంది. క్లాస్ ఏ అంటే పాట ఉన్నా లేకున్నా ట్రాన్సిస్టర్లలో కరెంటు నిండుగా పారుతూనే ఉంటుంది. అందువల్ల పెట్టె వేడిగా ఉంటుంది, ధ్వని చిక్కగా ఉంటుంది. నాకు వాల్వు లేకపోయి ఉంటే, ఉన్న ఊరి వస్తువు, చిక్కటి ధ్వని, ఇంకేం కావాలని దాన్నే తెచ్చుకునేవాణ్ణి. రెండోది 2011లో పేరు చెప్పుకోని ఒక ఇంజనీరు సర్క్యూట్ బొమ్మంతా అందరి ముందూ పెట్టేసిన ఆబ్జెక్టివ్2. మామూలు ఆప్-ఆంప్ చిప్పులతో కట్టిన, అరచేతిలో పట్టే పెట్టె. అవుట్‌పుట్ ఇంపీడెన్స్ అర ఓమ్ దగ్గర. అది కలిపే ఉపస్వరాలు నూటికి ఒకటిలో వందో వంతు కన్నా తక్కువ. ముట్టుకుంటే వేడే తెలియదు. ధ్వనికి సొంత రంగు లేకపోవడమే దాని గొప్ప. వేడి, చిక్కదనం నాకు ఇప్పటికే ఉన్నాయి కాబట్టి ఆ రెండూ లేనిదాన్ని ఎంచుకున్నాను.

రెండిటినీ పక్కపక్కన పెట్టి వినేటప్పుడు ఒక జాగ్రత్త తప్పనిసరి. చప్పుడు కాస్త ఎక్కువగా ఉన్నదే చెవికి మంచిదిగా తోస్తుంది. తక్కువ చప్పుడులో కింది స్వరాలు, పై స్వరాలు చెవికి తగ్గి వినిపిస్తాయని ఫ్లెచర్, మన్సన్ 1933లోనే కొలిచి చూపించారు. అందుకని ముందు రెండిటినీ సమానం చేశాను. హెడ్‌ఫోన్స్ తగిలించి ఉంచే, కంప్యూటర్లోంచి 400 హెర్ట్జ్ స్వరం ఒకటి పంపి, మామూలు మల్టీమీటరుతో తీగల దగ్గర ఏసీ వోల్టేజి చూశాను. వాల్వు మీద 0.500 వోల్టులు పెట్టి, రెండో యంత్రం నాబ్‌ను వెంట్రుకవాసి వెంట్రుకవాసి తిప్పుతూ అదే అంకె వచ్చేదాకా ఆగాను. ఒక శాతం లోపు తేడా అంటే డెసిబెల్‌లో పదో వంతు లోపు. ఇది చెయ్యకుండా ఏది బాగుందో చెప్పడం తీర్పు కాదు, నాబ్ ఎక్కడుందో చెప్పడమే.

అప్పుడు వింటే పాత పాటల్లో కొత్త సంగతులు బయటపడ్డాయి. పల్లవి మొదలుకాకముందే టేపు సవ్వడి పైకి లేవడం. గాయకుడు చరణానికి ముందు తీసుకునే ఊపిరి, ఆ ఊపిరికి ఉన్న పొడవు. ‘శ’కూ ‘స’కూ నడుమ నాలుక చేసే తేడా. గట్టిగా ఎత్తుకున్న చోట మైకు యాంప్లిఫయర్ అంచుకు చేరి గొంతు ఒక్క క్షణం గరగరలాడటం. ఆ గరగర ఆనాటి వాల్వుది. నా వాల్వు మీద విన్నప్పుడు అది నా యంత్రానిదే అనుకుంటూ వచ్చాను. రంగు వెయ్యని యంత్రం మీద అది తన ఊరు చెప్పింది. వయొలిన్ల వరుసలో మంచుతెర తొలగి ఎవరు ముందున్నారో, ఎవరు వెనకున్నారో తెలిసింది. తొప్పి మీది ఆ ఒక డెసిబెల్ నిండుదనం పోయింది. దాని బదులు చెయ్యి తోలుకు తగిలిన చప్పుడు వచ్చింది.

కొత్త పాటల దగ్గర లెక్క మారింది. డిజిటల్‌లో పుట్టి, ఎక్కడా గాజు తగలకుండా, పై స్వరాలు పదునుగా నిలబెట్టిన పాటలకు వాల్వు మేలు చేస్తుంది. చెవిని కోసే అంచును కాస్త మెత్తన చేస్తుంది. 1980 నాటి ‘శంకరాభరణం’ నడిమి కాలపు పాట. దాన్ని రెండిటి మీదా వింటాను. కచేరీ ఘట్టాలు సాలిడ్ స్టేట్ మీద, ఒక్క గొంతు నడిచే చోట్లు వాల్వు మీద. దీనివల్ల ఇంకో మేలూ ఉంది. 6080 లాంటి వాల్వులు ఇప్పుడు పాత నిలవల్లో దొరికేవే. వాటికి బదులు వచ్చే రష్యన్ 6ఎన్13ఎస్‌లూ దూరం నుంచి రావాలి. వాల్వుకు కొన్ని వేల గంటలే ఆయుష్షు. రోజువారీ వినికిడి రెండో యంత్రం మీదకు మారితే వాల్వు గంటలు మిగులుతాయి. తోడు అంటే ఒకరి బరువు ఇంకొకరు మొయ్యడం కూడా.

ఈ రెండు యంత్రాల పని ఇంట్లో పిల్లల దగ్గర నాకు ఇంకా స్పష్టమైంది. 2021 జనాభా లెక్కల్లో ఇంట్లో తెలుగు మాట్లాడతామని రాసినవాళ్ళు ఆస్ట్రేలియాలో దాదాపు 59 వేల మంది. వాళ్ళ పిల్లలు ఘంటసాలను మొదటిసారి వినేది ఇక్కడే. వాళ్ళకు వరండా రేడియో తెలియదు, మీడియం వేవ్ గరగర తెలియదు. మెత్తగా వినిపిస్తే పాత సామాను అనుకుంటారు. నా జ్ఞాపకాన్ని వాళ్ళ చెవిలో పొయ్యడం నాకు సరైన పనిగా తోచదు. జ్ఞాపకం ఎవరిది వాళ్ళే కూడబెట్టుకోవాలి. వాళ్ళకు మొదట అందవలసింది ఆ మనిషి గొంతు: ఎంత ఊపిరి పట్టాడు, పదాన్ని ఎలా విరిచాడు, పై షడ్జమం దగ్గర ఎంత సులువుగా నిలబడ్డాడు. అందుకని పిల్లలు వింటామన్నప్పుడు హెడ్‌ఫోన్స్ సాలిడ్ స్టేట్‌కే తగిలిస్తాను. ఆ గొంతు వాళ్ళదైన తర్వాత, ఇష్టమైతే వాల్వు మీద వింటారు. అప్పుడు అది ఏం కలుపుతోందో వాళ్ళకు తెలుస్తుంది, తెలిసి ఇష్టపడతారు.

ఎవరైనా ఇలాంటి ఎంపిక ముందు నిలబడి అడిగితే నేను చెప్పేది ఇంతే. మీ దగ్గర ఉన్నదాన్ని ముందు పూర్తిగా తెలుసుకోండి. అది ఏం కలుపుతుందో, ఏం దాస్తుందో, ఎక్కడ అలసిపోతుందో కొలిచి, విని, రాసుకోండి. తర్వాత ఆ మూడూ చెయ్యనిదాన్ని తెచ్చుకోండి. ధర, పేరు, ముందు పలక అందం ఆ తర్వాతి సంగతులు. ఒకదానిలాంటిది ఇంకొకటి పక్కన పెడితే రెండు యంత్రాలుంటాయి, వినేది మాత్రం ఒక్కటే. వేరైనదాన్ని పక్కన పెడితే పాడినవాడి వంతు ఎంతో, యంత్రం వంతు ఎంతో తెలుస్తుంది. పాటను ప్రేమించేవాడికి ఆ తెలివిడి కావాలి, ఎందుకంటే మనం గౌరవించవలసిన చోటు అదే చూపిస్తుంది.